రంపపు గట్టు మీద తాత

ఆ శుక్రవారం పొద్దున ఎల్డన్ బ్రెక్కె వేసుకున్న పథకం చాలా చిన్నది. చీకటి విడవక ముందే లేవాలి. కుట్టుమిషను గదిలో ఊలు ఉండల బుట్ట వెనక దాచిన కొత్త ఒంటికన్ను దుర్భిణిని తీసుకుని, ట్రక్కులో శ్మశానం దిబ్బ ఎక్కాలి. అక్కడ కూర్చుని అరగంట సేపు రంపపు గట్టు వైపు చూసుకోవాలి. ఏడు కొట్టేలోగా ఇంటికొచ్చి, దాన్ని మళ్ళీ ఊలు బుట్ట వెనక పెట్టేసి, పాత దుర్భిణి భుజాన వేసుకుని, ఏమీ ఎరగనట్టు నోలా హోటలుకు వెళ్ళి కాఫీ తాగాలి. పది రోజులుగా ఈ పని చేస్తున్నాడు. పది రోజులుగా ఎవరికీ తెలియలేదు.

నాలుగు వేల డాలర్లు పోసి సొంతంగా కొనుక్కున్న వస్తువును దొంగసొత్తులా దాచుకోవడానికి కారణం ఉంది. మోంటానాలో ఆ చిన్న ఊరు స్టోన్‌ఫోర్డ్‌లో ముప్ఫయ్యేళ్ళు భూగోళం చెప్పి రిటైరైన ఎల్డన్, ఇప్పటికీ ఏటా ఆగస్టులో కొత్త వేటగాళ్ళకు తుపాకీ జాగ్రత్తలు నేర్పుతాడు. ఆ పాఠాల్లో ఒకటి మాత్రం పుస్తకంలో లేదు. "నాలుగు వేల గాజులోంచి చూసినా కొండ మీద లేని జింక కనబడదు. రెండు వందల గాజులోంచి చూసినా ఉన్న జింక పారిపోదు," అని చెబుతాడు. ఎనిమిదేళ్ళుగా నోలా హోటల్లోనూ ఇదే చెబుతున్నాడు. అక్కడ వినేవాళ్ళకు అది నోటికి వచ్చేసింది.

ఎదుటి పక్షం నాయకుడు వెండెల్, ఎల్డన్ భార్య ఆర్డిస్‌కు స్వయానా తమ్ముడు. ట్రాక్టర్లు బాగుచేస్తాడు. ఊళ్ళో అందరికంటే ముందు ఖరీదైన దుర్భిణి కొన్నవాడు అతనే. నల్లటి గట్టి సంచి, దానికి జిప్పు, జిప్పుకు చిన్న తాళం. "చవక గాజులో చూసి పొట్టేలనుకుని బండరాయి మీదికి పాకినోళ్ళు ఈ ఊళ్ళోనే ముగ్గురున్నారు," అని అతని వాదన. ఆ ముగ్గురిలో ఎల్డన్ ఒకడు. తన దుర్భిణిని మాత్రం వెండెల్ ఎవరినీ ముట్టుకోనివ్వడు. వేలి జిడ్డు తగిలితే గాజు మీద పూత పోతుందంటాడు.

ఎల్డన్ పతనం జులైలో జరిగింది. కొండదారి పక్కన ఆగిన ఒక బాటసారి తన దుర్భిణిలోంచి చూడమన్నాడు. మర్యాదకు వంగి చూశాడు ఎల్డన్. మైలున్నర దూరంలో ఒక కొండగొర్రె పిల్ల తల్లి వీపు మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది. గాలికి దాని చెవి మీద వెంట్రుకలు కదులుతున్నాయి. ఆర్డిస్ పోయిన ఈ మూడేళ్ళలో పొద్దున్నే లేచి చూడాలనిపించిన వస్తువు అతనికి ఇంకొకటి తగల్లేదు. నెలన్నర ఆగాడు. ఆగలేక తెప్పించుకున్నాడు.

చిక్కల్లా తొడుగుతో వచ్చింది. పాత దుర్భిణికి ఆర్డిస్ తన పచ్చ కార్డురాయ్ కోటు చించి తొడుగు కుట్టింది. ఆ తొడుగును ఊరంతా ఎరుగును. కొత్తదాన్ని అందులో దూర్చితే దారిన పోయేవాళ్ళకు అనుమానం రాదు. కానీ కొత్తది లావు. ఎల్డన్ పక్క కుట్టు విప్పి, తన గోధుమరంగు ప్యాంటు ఒకటి కత్తిరించి, ఆ గుడ్డ అతికించి, మిషను మీద తానే కుట్టాడు. సూది రెండుసార్లు విరిగింది. ఆర్డిస్ ఉంటే ఆ కుట్టు చూసి, "చీకట్లో బాగానే ఉంది," అనేది. అతను దాన్ని చీకట్లోనే వాడుతున్నాడు.

ఆ శుక్రవారం తలుపు తీసేసరికి వాకిట్లో వెండెల్ ట్రక్కు ఉంది. వెండెల్ దానికి ఆనుకుని రెండు కాఫీ కప్పులు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కడికి బావా ఇంత పొద్దున్నే?"

"ఎక్కడికీ లేదు. నిద్ర పట్టలేదు."

"నాకూ పట్టలేదు. వేట రేపేగా. రా, నోలా దగ్గర కూర్చుని గట్టు చూద్దాం. దుర్భిణి భుజానే ఉందిగా, ఇంకేం." వెండెల్ తొడుగు వైపు చూశాడు. "ఇదేంటి, లావెక్కింది?"

"చలికని లోపల గుడ్డ చుట్టాను."

"చలి నీకా, దానికా?"

లోపలికెళ్ళి మార్చుకుని వచ్చే సందు దొరకలేదు. ఎల్డన్ ట్రక్కెక్కాడు.

వెండెల్‌కు నిద్ర పట్టకపోవడంలో న్యాయం ఉంది. కొండపొట్టేలు వేటకు అనుమతి చీటీ లాటరీలో తగలాలి. వెండెల్ పందొమ్మిదేళ్ళు వరసగా పేరు వేస్తే ఈ జూన్‌లో తగిలింది. ఒక్క పొట్టేలు. కొమ్ము ముప్పాతిక చుట్టయినా తిరిగి ఉండాలి. అంతకంటే చిన్నదాన్ని కొడితే పొట్టేలూ పోతుంది, తుపాకీ పోతుంది, పరువూ పోతుంది. కొట్టినా కొట్టకపోయినా మళ్ళీ ఏడేళ్ళ దాకా పేరు వేయడానికి లేదు. వెండెల్‌కు అరవై నాలుగు. ఏడూ, ఆపైన మళ్ళీ పందొమ్మిదీ కలిపితే తర్వాతి చీటీ తొంభయ్యో ఏట వస్తుంది. ఆ లెక్క ఊరంతా వేసింది. పైకి అన్నవాళ్ళు లేరు.

నోలా హోటలు వెనక వరండాలోంచి రంపపు గట్టు సరిగ్గా రెండు మైళ్ళు. వేట రోజుల్లో ఆ వరండా నిండా మూడుకాళ్ళ స్టాండ్లే. ఆ పొద్దున అప్పటికే ఏడెనిమిది మంది చేరారు. ఇనప సామాన్ల కొట్టు ఓరిన్ తన మూడు వేల డాలర్ల దుర్భిణిని తుడుచుకుంటున్నాడు. వేట చట్టాల అమలు చూసే వార్డెన్ మారిట్, ఒకప్పుడు ఎల్డన్ దగ్గర చదువుకున్న పిల్ల, యూనిఫారంలో గుడ్లూ రొట్టే తింటోంది. ఎల్డన్ తొడుగు విప్పకుండా, ముందూ వెనకా గాజులు మాత్రం బయటికి వచ్చేలా తాళ్ళు వదులు చేసి, స్టాండు మీద పెట్టాడు. ఏమీ మాట్లాడకూడదని గట్టిగా అనుకున్నాడు.

కానీ అప్పుడే ఎండ గట్టు మీద పడింది. బూడిదరంగు రాతి అరుగు మీద, ఎండిపోయిన పైన్ చెట్టు కింద, ఒక పొట్టేలు పడుకుని ఉంది. రాత్రి మంచు దాని వీపు మీద ఇంకా తెల్లగా ఉంది. ఎల్డన్‌కు మనసు నిండిపోయి నోరు జారింది.

"అదుగో. ఎండు పైను కింద పడుకుంది. ఎడమ కొమ్ము కొన విరిగింది. నెమరేస్తోంది."

స్టాండ్ల దగ్గర వంగినవాళ్ళు తలలెత్తారు.

"నెమరేస్తోందా?" అంది నోలా, కాఫీ కూజా అలాగే పట్టుకుని. "రెండు మైళ్ళ నుంచి దవడ కనబడుతోందా మాస్టారూ? ఆ రెండొందల దాంట్లో?"

"అంటే, నెమరేస్తున్నట్టు అనిపించింది."

మారిట్ చెయ్యి తుడుచుకుని, తన ట్రక్కులోంచి సర్కారు దుర్భిణి తెచ్చి పెట్టి చూసింది. సర్కారు దుర్భిణి మంచిదే. చాలాసేపు చూసింది.

"ఎడమ కొమ్ము కొన విరిగింది. నెమరేస్తోంది," అంది.

ఓరిన్ తన దుర్భిణి తుడవడం ఆపేశాడు. ఇంత డబ్బు పోసి కొన్న తనకు మామూలు కంటికి అక్కడ రాయి మాత్రమే కనిపించింది. తుడుచుకుంటూ కూర్చోవడం వల్ల దుర్భిణిలోంచి ఇంకా చూడనే లేదన్న సంగతి అతనికి తట్టలేదు. అందరూ వెండెల్ వైపు తిరిగారు. వెండెల్ నల్ల సంచి ముందు జిప్పు కొంచెం తీసి, గాజుకు కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టాడు.

"ఆఁ. ఉంది. నాకెప్పుడో కనబడింది," అన్నాడు.

"మరి చెప్పలేదేం?" అంది నోలా.

"అది చిన్నది గనక చెప్పలేదు. నేను దాని వెనకున్నదాన్ని చూస్తున్నా."

"వెనక ఇంకోటుందా?"

"ఉందా అని అడుగుతావేంటి? దాని ముందు ఇది పిల్ల. దాని కొమ్ములు నిండు చుట్టు దాటేశాయి. దీనికి తాత."

ఎల్డన్ గబుక్కున మళ్ళీ వంగి చూశాడు. ఆ జిల్లాలోకెల్లా మంచి గాజు అతని కంటి ముందుంది. పొట్టేలు ఉంది, ఎండు పైను ఉంది, వెనక ఇంటంత బండ ఉంది. తాత లేడు.

"నాకు కనబడటం లేదు వెండెల్," అన్నాడు మెల్లగా.

"నీ దాంట్లో ఎలా కనబడతాడు బావా? అది మా అక్క నీకు క్రిస్మస్‌కి కొన్న దుర్భిణి."

ఎల్డన్ తొడుగు అంచు కిందికి లాగి సర్దాడు. తాత లేడని చెప్పాలంటే, లేడని తనకెలా తెలుసో చెప్పాలి. మారిట్ కూడా చూసి, కనబడలేదంది. "ఇప్పుడే బండ వెనక్కి పోయాడు," అన్నాడు వెండెల్, ముఖం ఎర్రబడుతుండగా. మారిట్ చిన్న పుస్తకం తీసి రాసుకుంది. వేసవిలో విమానంలోంచి లెక్కపెట్టినప్పుడు అంత పెద్దది ఆ గట్టు మీద లేదట. అడవి జంతువుల లెక్కల ఆఫీసుకు చెప్పాలట.

"చెప్పడమెందుకులే," అన్నాడు వెండెల్.

"చెప్పడం నా ఉద్యోగం," అంది మారిట్.

పదింటికల్లా నోలా నల్లబల్ల మీద, ఆ రోజు సూపు పేరు కింద, "తాత: రంపపు గట్టు మీద" అని రాసింది. పదకొండింటికి ఓరిన్ తన కొట్టు కిటికీలో దుర్భిణి పెట్టి "అమ్మబడును, ఇక అవసరం లేదు" అని అట్ట తగిలించాడు. మధ్యాహ్నానికి తాత కబురు గట్టిపడి, ఖరీదైన గాజుకు కనబడింది చవక గాజుకు కనబడలేదని జనం అనుకోవడం మొదలయ్యేసరికి, అట్ట తీసేశాడు. మాస్టారు చూసింది దవడ, వెండెల్ చూసింది పొట్టేలు, దవడ చూడటమే కష్టమని ఎవరో అనగానే మళ్ళీ తగిలించాడు. పోస్టాఫీసులో తాత వయసు పన్నెండేళ్ళు. పెట్రోలు బంకు చేరేసరికి పదహారు. ఐడహో నుంచి ఇద్దరు కేవలం చూడటానికి వచ్చి మోటల్లో గది తీసుకున్నారు. లెక్కల ఆఫీసు నుంచి ఒకాయన పెద్ద కెమెరాతో బయల్దేరాడని కబురొచ్చింది. సాయంత్రం నాలుగింటికి లూథరన్ చర్చి ఆడవాళ్ళు సమావేశమై, మర్నాడు తెల్లవారుజామున నోలా వరండాలో పాన్‌కేకుల ఫలహారం పెట్టాలనీ, వచ్చిన డబ్బు చర్చి పైకప్పు బాగుకు వాడాలనీ తీర్మానించారు. వెండెల్ తాతను కొట్టడం అందరూ తింటూ చూడొచ్చు.

ఎల్డన్ ఆ రోజు మూడుసార్లు నిజం చెప్పడానికి బయల్దేరాడు. మొదటిసారి వెండెల్ షెడ్డులో అయిదుగురున్నారు. రెండోసారి పదిమంది. మూడోసారి చర్చి ఆడవాళ్ళు వెండెల్‌తో ఫోటో దిగుతున్నారు. వాళ్ళ మధ్య వెండెల్ కొత్త పెళ్ళికొడుకులా కాక, పన్ను పీకించుకోబోయేవాడిలా నిలబడ్డాడు. ఎల్డన్ అది చూశాడు గానీ, చీటీ తాలూకు దిగులనుకున్నాడు.

ఇంటికొచ్చి కుట్టుమిషను గదిలో కూర్చున్నాడు. లేని తాత కోసం వెండెల్ గట్టంతా తిరుగుతాడు. ఉన్న పొట్టేలు ఈలోగా కొండ దాటిపోతుంది. పందొమ్మిదేళ్ళు నీళ్ళపాలు. తానొక్క మాట అంటే ఆగుతుంది. ఆ మాట అంటే రేపటి నుంచి నోలా హోటల్లో తన కుర్చీలో తాను కూర్చోలేడు. ఇంట్లో మాట్లాడే మనిషి లేని వాడికి హోటల్లో కుర్చీ ఒకటి ఉండటం ఎంత సదుపాయమో ఎల్డన్‌కు తెలుసు. చివరికి ఒక ఉపాయం తోచింది. వెండెల్‌తో పాటు తానూ కొండెక్కుతాడు. ఆ పైన మూడో మనిషి ఉండడు.

శనివారం ఏడుంపావుకు ఇద్దరూ గట్టు భుజం మీది సందు చేరారు. అక్కడి నుంచి ఎడమకు పోతే ఎండు పైను కింది అరుగు. కుడికి పోతే పెద్ద బండ చుట్టి వెనక లోయ. కింద రెండు మైళ్ళ దూరంలో నోలా వరండా అగ్గిపెట్టెంత ఉంది. అగ్గిపెట్టెలోంచి పొగ లేస్తోంది. పాన్‌కేకులు.

"కుడికి పోదాం బావా," అన్నాడు వెండెల్. శవం వెనక నడిచేవాడి గొంతు అది.

ఎల్డన్ స్టాండు దించి చూశాడు. వెలుగు ఇంకా సరిగ్గా రాలేదు. అయినా ఆ గాజులో పొట్టేలు స్పష్టంగా ఉంది. లేచి నిలబడి ఒళ్ళు విదిలించుకుంటోంది.

"ఎడమ పక్కది లేచింది వెండెల్. ఇంకో గంటలో కొండ దాటేస్తుంది. కుడి కొమ్ము నిండు చుట్టుకి దగ్గర్లో ఉంది. నిక్షేపంగా కొట్టొచ్చు."

"చిన్నది."

"చిన్నది కాదు."

"తాత ఉన్నాడుగా."

"తాత లేడురా."

"నీకెలా తెలుసు?"

ఎల్డన్ చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఆర్డిస్ కుట్టిన పచ్చ తొడుగు తాళ్ళు విప్పి మొత్తం కిందికి జార్చాడు. వెండెల్ వంగి గొట్టం మీది పేరు చదివాడు. రెండోసారి చదివాడు. తొడుగు పక్కన గోధుమరంగు అతుకు చూశాడు. తర్వాత ఎల్డన్ ప్యాంటు చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పది రోజులు."

"ఎనిమిదేళ్ళు నన్ను నలుగురిలో తిట్టి—"

"తిట్టలేదు. వాదించాను."

"చదువుకున్నోళ్ళు తిట్టే తిట్టుని అదేగా అనేది." వెండెల్ రాయి మీద కూలబడ్డాడు. ఎల్డన్‌కు తన కుర్చీ, తన కాఫీ, తన ఎనిమిదేళ్ళ పాఠం వరసగా కొండ దిగిపోతున్నట్టు అనిపించింది. అప్పుడు వెండెల్ మెడలోని తాళంచెవి తీసి, నల్ల సంచి తాళం తెరిచి, జిప్పు చివరిదాకా లాగాడు.

లోపల బూడిదరంగు గీతలు పడ్డ పాత గొట్టం ఒకటి ఉంది. దాని మెడకు ఎర్ర ఊలు దారం కట్టి ఉంది. సరిగ్గా అలాంటి దారమే ఎల్డన్ పాత దుర్భిణికీ ఉంది. ఇద్దరు మగవాళ్ళకూ ఒకే రకం వస్తువు కొన్నప్పుడు వేరేవాళ్ళవాటితో కలిసిపోకుండా ఆర్డిస్ కట్టిన గుర్తు అది.

"ఇది అమ్మేశానన్నావు," అన్నాడు ఎల్డన్.

"అందరికీ అలాగే చెప్పా. ఖరీదైంది కొన్న మొదటి వారమే వంతెన మీద ట్రక్కు వెనక తలుపు ఊడి, దుర్భిణి కాస్తా నదిలో పడింది. సంచి మాత్రం ముందు సీట్లో మిగిలింది. అప్పటికే నీతో వాదన పెట్టుకుని ఊరంతా డప్పు కొట్టేశా. ఖాళీ సంచి మోసుకు తిరుగుతానా? అక్క ఇచ్చింది ఉందిగా, ఇందులో పెట్టా."

"మరి నిన్న నేను చెప్పిన పొట్టేలు కనబడిందన్నావు?"

"నాకు గట్టే సరిగ్గా కనబడలేదు బావా."

"తాత?"

"నువ్వు అక్క కొన్నదాంతో దవడలు లెక్కపెడుతుంటే నేను నాలుగు వేల సంచి ఒళ్ళో పెట్టుకుని ఊరికే ఎలా కూర్చోను? ఏదో ఒకటి కనబడాలిగా."

ముందు ఎల్డన్‌కే నవ్వొచ్చింది. ఎనిమిదేళ్ళుగా చవకదాన్ని తిట్టినవాడు చవకదాంతో చూస్తున్నాడు. ఖరీదైనదాన్ని తిట్టినవాడు ఖరీదైనది కుట్టు విప్పి దూర్చుకున్నాడు. ఇద్దరూ రాయి మీద పక్కపక్కన కూర్చుని, చప్పుడు కాకుండా, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వారు. ఆర్డిస్ పోయాక వాళ్ళిద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు.

"ఇలా రా, చూడు," అన్నాడు ఎల్డన్ జరుగుతూ.

వెండెల్ కన్ను ఆనించాడు. గాజు తిప్పి సరిచేసుకున్నాడు.

"దీనికి కనురెప్పలున్నాయి బావా," అన్నాడు చివరికి.

"తెలుసు."

"మరి కింద వాళ్ళందరికీ ఏం చెబుదాం?"

"నిజం. ఇద్దరం కలిసి చెబుదాం. పద, ముందు అది దాటిపోకుండా చూడు."

ఎడమకు పోయారు. రెండున్నర గంటలు పాకారు. ఎల్డన్ మోకాళ్ళు దారి పొడుగునా తమ అభిప్రాయం చెప్పాయి. తుపాకీ ఒక్కసారే మోగింది, అది చాలింది. వెండెల్ టోపీ తీసి, పొట్టేలు మెడ మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాడు. ఎల్డన్ దూరంగా నిలబడి కాఫీ ఫ్లాస్కు మూత విప్పాడు. ఇంకా వేడిగానే ఉంది.

మాంసం మోసుకుని, తలా కొమ్ములూ భుజాన వేసుకుని మధ్యాహ్నం నోలా వరండా చేరేసరికి నలభై మంది ఉన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. విరిగిన ఎడమ కొమ్మును అందరూ గుర్తుపట్టారు.

"తాతని వదిలేసి మనవణ్ణి తెచ్చావేంటి?" అంది నోలా. "పాన్‌కేకులు తింటూ అందరం మిమ్మల్నే చూస్తున్నాం. సందు మీద కూర్చుని ఇద్దరూ సంచులు విప్పుకున్నారు, నవ్వుకున్నారు, పిక్నిక్కుకి వచ్చినట్టు ఎడమకి పోయారు. ఏం జరిగింది?"

వెండెల్ ఎల్డన్ వైపు చూశాడు. ఎల్డన్ తల ఊపాడు.

"అసలు విషయం ఏంటంటే," అన్నాడు వెండెల్ గొంతు సవరించుకుని, "తాత—"

"బయటికొచ్చాడు," అంది మారిట్. "మీరు సందు మీద కూర్చుని ఉండగానే. ఏడూ ఇరవైకి."

లెక్కల ఆఫీసు ఆయన కెమెరా వెనక చిన్న తెర తిప్పి చూపించాడు. ఇంటంత బండ. దాని వెనక నుంచి ముందు ఒక కొమ్ము వచ్చింది. అది వస్తూనే ఉంది. దాని తర్వాత మొహం వచ్చింది. వయసుకు ముక్కు తెల్లబడిన మహా పొట్టేలు ఒకటి, కుడి వైపు లోయలోకి, పనేమీ లేనివాడిలా నడిచి వెళ్ళింది.

"విమానానికి దొరకలేదు ఇన్నేళ్ళూ," అన్నాడు ఆయన భక్తిగా. "నిన్న మీరు చెప్పకపోతే మేం వచ్చేవాళ్ళమే కాదు. ఏం గాజండీ మీది."

వెండెల్ దగ్గర్లో ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. ఓరిన్ కొట్టుకు వెళ్ళి కిటికీలోంచి అట్ట తీసేసి వచ్చాడు.

"అంతటి దాన్ని చూసి కూడా వదిలేశావా?" అని ఎవరో అడిగారు. వెండెల్ నోరు తెరిచాడు. అందులోంచి ఏమీ రాకముందే నోలాకు అర్థమైపోయింది. "మంద కోసం వదిలేశాడు," అంది. చర్చి ఆడవాళ్ళలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఎవరో వెండెల్ ముందు ఆపిల్ పై ముక్క పెట్టారు. ఇంకెవరో దాని పక్కన ఇంకో ముక్క పెట్టారు.

తన వంతు నిజమైనా తాను చెప్పాలనుకున్నాడు ఎల్డన్. "నాకు మాత్రం తాత కనబడలేదు," అని లేచాడు. "ఎందుకంటే నా దగ్గరున్నది—"

"రెండొందలది, తెలుసు మాస్టారూ," అంది నోలా అతని కప్పు నింపుతూ. "ఆ కాస్త దాంతో మీరు చూసినంత చూశారు. దానికి సిగ్గెందుకు? కూర్చోండి."

కుర్చీ అక్కడే ఉంది. ఎల్డన్ కూర్చున్నాడు.

జనం పలచబడ్డాక మారిట్ వచ్చి, కొమ్ములు కొలిచి, కాగితాలు రాసుకుంది. పోబోతూ పచ్చ తొడుగు మీద వేలు పెట్టింది.

"ఈ అతుకు నిన్ననే చూశాను మాస్టారూ. కుట్టు వంకర పోయింది. మా అమ్మ సరిచేసి పెడుతుంది, ఇవ్వండి." కాగితాలు మళ్ళీ తెరిచింది. "లోపలిది తీసేసి ఇవ్వండి."

ఎల్డన్ ఆమె వైపు చూశాడు. ఆమె అప్పటికే కాగితాల్లోకి చూస్తోంది. తొమ్మిదో తరగతిలో ఆమె పటంలో రెండు నదులు తారుమారు చేస్తే తాను మార్కులు తీసేయకుండా వదిలేసిన సంగతి ఎందుకో గుర్తొచ్చింది.

ఆ వారంలో బావా బావమరుదులు ఒక ఒప్పందానికి వచ్చారు. కొత్త దుర్భిణి వెండెల్ నల్ల సంచిలో ఉంటుంది. ఆదివారం పొద్దున్న మాత్రం శ్మశానం దిబ్బ మీద ఇద్దరూ వంతులు వేసుకుని చూస్తారు. ఎల్డన్ పచ్చ తొడుగు, అతుకు పీకేసి, పక్క కుట్టు నీటుగా బిగించి, ఎర్ర దారం ఉన్న పాతదానికే వచ్చింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి రెండు సంచుల్లోనూ పైకి చెప్పే వస్తువే ఉంది.

తర్వాతి శుక్రవారం వరండా నిండా జనమే. తాత కోసం వచ్చారు. ఎల్డన్ పాతదాంట్లోంచి చాలాసేపు చూశాడు. గట్టు మసక, చెట్లు మసక.

"నాకేమీ కనబడటం లేదు," అన్నాడు నిజాయితీగా.

"మాస్టారికే కనబడలేదంటే అక్కడ ఏమీ లేనట్టే," అన్నాడు ఓరిన్. వరండాలో మిగతా పదకొండు మందీ స్టాండ్లు మడిచి ఇళ్ళకు వెళ్ళిపోయారు. వెండెల్ ఒక్కడే నల్ల సంచికి కన్ను ఆనించి కదలకుండా ఉన్నాడు.

"బావా," అన్నాడు కాసేపటికి, "తాత నీళ్ళకి దిగుతున్నాడు."

"మెల్లగా అను," అన్నాడు ఎల్డన్, కాఫీ అందుకుంటూ. "ఎవరైనా వింటే నమ్ముతారు."